చెక్కు కేసులో అమ్మకు సమన్లు వచ్చాయి, వకీలు ఎవరూ తెలియదు. వాయిదా లోపు ఏం చేయాలి?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. జనగామలో మిషన్ కుట్టుకునే వాళ్ళ అమ్మగారికి హనుమకొండ మేజిస్ట్రేటు కోర్టు నుంచి నాలుగు రోజుల కిందట సమన్లు అందాయి. చిట్టీ ఎత్తుకున్నప్పుడు కంపెనీవాళ్ళు సంతకాలు పెట్టించుకున్న ఖాళీ చెక్కుల్లో ఒకదాన్ని 2,80,000 రూపాయలకు నింపి బ్యాంకులో వేశారు. ఖాతాలో డబ్బు లేక అది తిరిగొచ్చింది. వాయిదా ఇంకా పన్నెండు రోజులుంది. ఏడాది కిందట ఇల్లు మారారు, నోటీసు ఏదీ అందలేదని అమ్మగారు అంటున్నారు. "మాకు వకీళ్ళెవరూ తెలియదు. అమ్మను ఆ రోజే లోపలేస్తారా? కోర్టు దగ్గర ఒకాయన నలభై వేలిస్తే కేసు కొట్టేయిస్తా అంటున్నాడు, నమ్మొచ్చా?" అని అడిగారు.

చెక్కు కేసుల్లో రెండు వైపులా వాదించిన అనుభవంతో, న్యాయ సహాయం తరఫున కూడా కేసులు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. ముందు అరెస్టు భయం తీసేయండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద పెట్టే చెక్కు కేసు బెయిలబుల్ నేరం. పోలీసులు సొంతంగా వచ్చి పట్టుకెళ్ళే కేసు కాదు. సమన్లతో కానిస్టేబుల్ ఇంటికొచ్చింది కాగితం ఇచ్చి సంతకం తీసుకోవడానికి మాత్రమే. వాయిదా రోజున హాజరైతే బాండు రాయించుకుని, అవసరమైతే పూచీకత్తు అడిగి పంపిస్తారు. ఈ కేసులో ఇబ్బంది వచ్చేది వెళ్ళిన వాళ్ళకు కాదు, వెళ్ళని వాళ్ళకు. సమన్లు అందుకుని రాకపోతే వారెంటు వస్తుంది, అది చివరికి ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) దాకా పోతుంది. అప్పుడు వారెంటు రీకాల్ చేయించుకోవడానికి, అంటే వెనక్కి తీయించుకోవడానికి, వేరే పిటిషను, వేరే ఖర్చు, వేరే టెన్షన్.

ఇక అసలు విషయం. అందరూ వాయిదా తేదీనే గడువు అనుకుంటారు, ఆ ముందురోజు సాయంత్రం వకీలును వెతకడం మొదలుపెడతారు. మీ అమ్మగారి విషయంలో అంతకంటే ముందే ఒక గడువు ముగుస్తోంది. లీగల్ నోటీసు తనకు అందలేదనే మనిషి, సమన్లతో పాటు ఫిర్యాదు కాపీ అందిన 15 రోజుల్లోపు చెక్కు మొత్తం కట్టేసి, కట్టానని కోర్టుకు చెప్పి, ఫిర్యాదు తిరస్కరించమని అడగవచ్చని 2007లో సి.సి. అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు నాలుగు రోజులు గడిచిపోయాయి. మిగిలింది పదకొండు, వాయిదా పన్నెండో రోజు. ఆ దారి మీకు పనికొస్తుందా, అంత డబ్బు కట్టడం న్యాయమేనా అన్నది వేరే ప్రశ్న. కానీ అది తేల్చాల్సింది వాయిదా రోజున కోర్టు వరండాలో కాదు, ఈ వారంలో ఒక వకీలు ముందు కూర్చుని.

ఆ వకీలు ఎక్కడ దొరుకుతారు అంటే, మీ అమ్మగారికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును అడిగే హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో సెక్షన్ 12 చదవండి. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్ళు, విపత్తుల్లో నష్టపోయినవాళ్ళు, వీళ్ళెవరికీ ఆదాయ పరిమితి లేదు. ఆదాయ పరిమితి చూసేది ఈ వర్గాల్లో దేనికిందకీ రానివాళ్ళకే. అంటే మీరు బెంగళూరులో ఎంత జీతం తీసుకుంటున్నా, మీ అమ్మగారు స్త్రీ కాబట్టి అర్హురాలే. ఈ ఒక్క మాట తెలియక నగలు తాకట్టు పెట్టి ఫీజులు కట్టిన ఆడవాళ్ళను చూశాను, అందుకే నొక్కి చెబుతున్నాను. ఇది దానం కాదు. రాజ్యాంగంలో 39ఎ అధికరణం కింద రాజ్యం తీసుకున్న బాధ్యత.

దరఖాస్తు ఇవ్వాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, చాలాచోట్ల ఆ భవనానికి న్యాయ సేవా సదన్ అని బోర్డు ఉంటుంది. మండల స్థాయి కోర్టులున్న ఊళ్ళలో మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. జనగామలో కూడా సంస్థ ఉంది, కానీ కేసు హనుమకొండలో ఉంది కాబట్టి హనుమకొండ సంస్థకే నేరుగా వెళితే రోజులు కలిసొస్తాయి. అమ్మగారి ఆధార్, సమన్లు, వాటితో వచ్చిన ఫిర్యాదు కాపీ, వీటి జిరాక్సులు చాలు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చినా తీసుకుంటారు. రాయడం రాకపోతే అక్కడ సాయం చేయడానికి ఉండే పారా లీగల్ వాలంటీరు రాసిపెడతారు. మీరు బెంగళూరు నుంచే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టవచ్చు, 15100 నెంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. కానీ పన్నెండు రోజులే ఉన్నప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తు ఒక్కదాన్నే నమ్ముకోకండి. మీ మామయ్యో, పక్కింటి వాళ్ళో అమ్మగారిని తీసుకుని ఒక ఉదయం వెళ్ళాలి. వాయిదా తేదీ దరఖాస్తు పైనే పెద్ద అక్షరాలతో రాయండి. ఇచ్చినట్టు స్టాంపు వేసిన కాపీ మాత్రం మర్చిపోకుండా తీసుకోండి, దాని అవసరం కింద చెబుతాను.

సంస్థ కార్యదర్శి ఒక జడ్జిగారే. వకీలును కేటాయించాక ఆ వకీలు మిమ్మల్ని ఫీజు అడగకూడదు. 'స్టాంపులకు, ఖర్చులకు' అని అడిగినా కార్యదర్శికి రాసి ఇవ్వండి, వాళ్ళు పట్టించుకుంటారు. కేటాయించిన వకీలు ఫోన్ ఎత్తకపోతే, వాయిదాకు రాకపోతే, మార్చమని కూడా అడగవచ్చు. 'ఉచిత వకీలంటే ఏం చూస్తాడులే' అని చాలామంది ముందే వదిలేస్తారు. అందరూ ఒకేలా ఉంటారని నేను అనను. శ్రద్ధగా చేసేవాళ్ళు ఉన్నారు, ఫైలు వాయిదా రోజే తెరిచేవాళ్ళూ ఉన్నారు. ఫీజు తీసుకునే వకీళ్ళలోనూ అంతే. తేడా చాలావరకు మీరు కాగితాలు ఎంత సిద్ధంగా ఇస్తారు, ఎన్నిసార్లు వెళ్ళి కలుస్తారు అన్న దాని మీద ఉంటుంది.

సలహా వరకే కావాలంటే టెలీ-లా సేవ ఉంది, 14454 నెంబరుకు చేయవచ్చు, కామన్ సర్వీస్ సెంటరు నుంచి కూడా మాట్లాడిస్తారు. అది సలహా మాత్రమే, కోర్టులో నిలబడే వకీలును ఇవ్వదు.

సొంతంగా వకీలును పెట్టుకోవాలనుకుంటే, జనగామలో తెలిసినవాళ్ళ ద్వారా దొరికే వకీలు కంటే హనుమకొండ బార్‌లో రోజూ ఉండే వకీలు మేలు. చెక్కు కేసులు ఎన్నో చిన్న చిన్న వాయిదాలతో నడుస్తాయి, ప్రతిసారీ వేరే ఊరి నుంచి వకీలు రావడం కుదరదు, చివరికి ఎవరో జూనియరు నిలబడి ఇంకో తేదీ తీసుకుంటాడు. (కేసు హనుమకొండలో ఎందుకు పెట్టారు అని కూడా అడిగారు. 2015 సవరణ తర్వాత, చెక్కు తీసుకున్న వాళ్ళ ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే అక్కడి కోర్టులోనే కేసు నడుస్తుంది. కంపెనీ ఖాతా అక్కడ ఉంది, అంతే.) మంచి వకీలును కనిపెట్టడానికి నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి, ఒక ఉదయం వెళ్ళి ఆ కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చోవడం. కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది. పదిన్నరకు కాల్ వర్క్ (కేసులు పిలవడం) మొదలవుతుంది, చెక్కు కేసులు ఒకదాని వెంట ఒకటి పిలుస్తారు. ఫైలు తెలిసి మాట్లాడేదెవరు, తడబడేదెవరు, అవతలి సాక్షిని క్రాస్ చేసేటప్పుడు (ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) కాగితాలు చూపించి అడిగేదెవరు, రెండు గంటల్లో తెలిసిపోతుంది. బయటకొచ్చాక వాళ్ళ క్లయింట్లలో ఒకరిద్దరిని అడగండి.

కలిసినప్పుడు మూడు విషయాలు అడగాలి. ముద్దాయి తరఫున ఇలాంటి కేసులు చేశారా, ఎందుకంటే కంపెనీల తరఫున మాత్రమే చేసేవాళ్ళు ఎదుటివైపు నుంచి ఆలోచించడానికి కొంచెం కష్టపడతారు. ఇదే చిట్టీ కంపెనీకి ఎప్పుడైనా పనిచేశారా. ఫీజు మొత్తం ఒకేసారా, దశలవారీగానా, అప్పీలుకు వెళితే వేరేనా. జవాబులు ఒక కాగితం మీద రాయించుకోండి, ఫీజు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వండి. మంచి వకీలు దీనికి చిన్నబుచ్చుకోరు. 'గెలిస్తేనే ఇవ్వండి, ఇంత శాతం' అనడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తప్పు. ఒరిజినల్ కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని కాపీలే ఇవ్వండి, కోర్టులో వేయాల్సిన రోజున తెస్తే చాలు. తర్వాత వకీలును మార్చాలనిపిస్తే మార్చవచ్చు. ఫీజు బాకీ ఉందని చెప్పి ఫైలు అట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నలభై వేలకు కొట్టేయిస్తా అన్న మనిషి గురించి ఒకే మాట. అతనికి ఒక్క రూపాయి ఇవ్వకండి, అమ్మగారి సంతకం ఉన్న ఏ కాగితమూ ఇవ్వకండి. 'జడ్జిగారు మనకు తెలుసు', 'బెంచ్ క్లర్కుతో మాట్లాడాను' అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, నల్లకోటు వేసుకున్నవాడైనా సరే, లేచి వచ్చేయాలి. వకీలు తన కోసం పని వెతికి పెట్టే దళారులను పెట్టుకోవడమే నిషిద్ధం. ఇలాంటి వాళ్ళు డబ్బు తీసుకుని, 'నువ్వు రానక్కర్లేదు' అని చెప్పి పంపిస్తారు. ఇంటి దగ్గర నిశ్చింతగా కూర్చున్న ఆవిడ మీద వారెంటు తయారవుతుంది.

వకీలును కలవడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని మీరు బెంగళూరులో కూర్చునే చేయవచ్చు. సమన్ల మీద 16 అక్షరాల సీఎన్‌ఆర్ నెంబరు ఉంటుంది, అది ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నెంబరు. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో అది కొట్టి చూడండి. లేకపోతే కేసు నెంబరుతోనో పేరుతోనో వెతకండి. వాయిదా తేదీ నిజంగా అదేనా, ఫిర్యాదు ఏ రోజున దాఖలైంది, అవతలి వకీలు ఎవరు, అన్నీ కనిపిస్తాయి. వాట్సాప్‌లో సమన్లు వచ్చాయని భయపడే వాళ్ళకు కూడా ఇదే పరీక్ష. కోర్టులు ఎలక్ట్రానిక్‌గా సమన్లు పంపే వీలు ఇప్పుడు చట్టంలో ఉంది, దాన్ని అడ్డం పెట్టుకుని మోసగాళ్ళూ పంపుతున్నారు. యాప్‌లో దొరకని కేసు గురించి ఎవరు ఫోన్ చేసినా, కోర్టుకు వెళ్ళి విచారించకుండా డబ్బు పంపొద్దు.

తర్వాత ఒక కాగితం మీద తేదీలు వరసగా రాయండి. చెక్కు మీది తేదీ, బ్యాంకులో వేసిన తేదీ, రిటర్న్ మెమో (చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే చీటీ) తేదీ, నోటీసు పంపిన తేదీ, అది అందినట్టు లేదా తిరిగొచ్చినట్టు ఫిర్యాదులో రాసిన తేదీ, ఫిర్యాదు దాఖలు చేసిన తేదీ. చెక్కు కేసు నిలబడేది, పడిపోయేది చాలాసార్లు ఈ తేదీల మీదే. చెక్కు చెల్లుబాటు మూడు నెలలు. తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందాక 15 రోజులు ఆగాలి, ఆ గడువు దాటిన నెలలోపు కోర్టుకు రావాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని కంపెనీ కోర్టును అడగవచ్చు, కానీ అడిగిందా లేదా అన్నది మీ వకీలు చూడాలి. ఇల్లు మారిన సంగతి కంపెనీకి తెలిపారా, పాస్‌బుక్కులో కొత్త చిరునామా ఉందా అన్నది కూడా వెతకండి. తెలపకపోతే, పాత చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే కోర్టు భావించే అవకాశం ఉంది.

ఖాళీ చెక్కు కదా, అది చెల్లదు కదా అని మీరు అనుకుంటున్నారు. ఆ వాదన ఒక్కదాన్నే పట్టుకుంటే నష్టపోతారు. సంతకం తనదేనని ఒప్పుకున్నాక, మిగతాది వేరేవాళ్ళు నింపినా చెక్కు బాకీ కోసమే ఇచ్చినట్టు చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మీరే. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మీ బలం వేరేచోట ఉండొచ్చు. మీ లెక్క ప్రకారం కట్టాల్సిన చిట్టీ వాయిదాలు 1,60,000 దాటవు అన్నారు. కట్టిన ప్రతి వాయిదాకూ రసీదు, పాస్‌బుక్కు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, బ్యాంకు స్టేట్‌మెంటు, ఏది దొరికితే అది బయటకు తీయండి. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరిపోయినా, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 కింద నేరం కాదని 2022లో దశరథ్‌భాయ్ కేసులో తీర్పు ఉంది. మీ రసీదులు దానికి సరిపోతాయో లేదో వకీలు చెప్పాలి. అలాగే ఆ చిట్టీ రిజిస్టరైనదేనా అని చిట్స్ రిజిస్ట్రారు దగ్గర కనుక్కోండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషను లేకుండా చిట్టీ నడపకూడదు. అది తేలితే వాదన ఎలా మారుతుందో వకీలుకు వదిలేయండి, కానీ సమాచారం మాత్రం మీరే చేతిలో పెట్టాలి.

వాయిదా రోజుకల్లా వకీలు దొరకకపోయినా అమ్మగారు వెళ్ళి తీరాలి. పది గంటలకల్లా చేరుకుని, బయట అంటించిన లిస్టులో నెంబరు చూసుకుని, హాల్లో కూర్చోవాలి. పేరు పిలిచినప్పుడు ముందుకెళ్ళి నమస్కారం పెట్టి, "అయ్యా, నాకు వకీలు లేరు. న్యాయ సహాయం కోసం దరఖాస్తు పెట్టుకున్నాను, ఇదిగో కాపీ. వకీలును పెట్టుకోవడానికి గడువు ఇప్పించండి" అంటే చాలు. మేడమ్ ఉంటే అమ్మా అనాలి. స్టాంపు వేసిన ఆ కాపీ ఇక్కడే పనికొస్తుంది. ఫిర్యాదు కాపీ ఇంతవరకు అందకపోతే అది కూడా అప్పుడే అడగాలి, సమన్లతో పాటు ఇవ్వడం చట్టం పెట్టిన నియమం.

ఒక్క జాగ్రత్త. ఈ కేసులో జడ్జిగారు ఆరోపణ చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటారా అని అడిగే దశ ఒకటుంది. మన ఆడవాళ్ళు భయంతో, మర్యాద కొద్దీ "అవునయ్యా, తప్పైంది, బాకీ ఉన్న మాట నిజమే" అనేస్తారు. చిట్టీ బాకీ ఉండటం వేరు, 138 కింద నేరం ఒప్పుకోవడం వేరు. వకీలుతో మాట్లాడేదాకా ఆ ప్రశ్నకు జవాబు గడువు అడగడమే. ఈ మాట అమ్మగారితో ఫోన్లో రెండు మూడుసార్లు అనిపించండి. మీరు పక్కన ఉన్నా ఆవిడ బదులు మీరు చెబితే చెల్లదు. ఒంట్లో బాగోలేక రాలేకపోతే వకీలు ద్వారా ఆ రోజుకు మినహాయింపు పిటిషను వేయించాలి. మన కోర్టుల్లో ఇప్పటికీ పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో 317 పిటిషన్ అనే అంటారు, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 355. ప్రతి వాయిదాకూ జనగామ నుంచి రావడం కష్టమైతే, తన తరఫున వకీలు హాజరయ్యేలా అదే సంహిత సెక్షన్ 228 కింద అనుమతి కూడా అడగవచ్చు.

రాజీ గురించి మీ అమ్మగారు ఆలోచిస్తున్నారని రాశారు. మంచిదే, ఈ నేరం ఏ దశలోనైనా రాజీ పడదగినదే. ముద్దాయి తరఫు సాక్ష్యం నమోదు కాకముందే చెక్కు మొత్తం కట్టి రాజీ పడితే అదనపు ఖర్చు లేదని, ఆ తర్వాత తీర్పు లోపు అయితే 5 శాతం, సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్ళాక అయితే 7.5 శాతం అదనంగా కట్టాలని సుప్రీంకోర్టు 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. కంపెనీ తక్కువకు ఒప్పుకుంటే అదీ వీలే, అందుకే మీ రసీదుల లెక్క ముందు తేలాలి. లోక్ అదాలత్‌లో పెట్టించమని వకీలును అడగండి. అక్కడ ఇచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) మీద అప్పీలు ఉండదు కాబట్టి, సంతకం పెట్టే ముందు ప్రతి అంకె చదివించుకోవాలి. వాయిదాల పద్ధతిలో కడతామని రాస్తే, నెలకు కుట్టుపని మీద వచ్చేదెంతో చూసుకుని మరీ ఒప్పుకోండి.

కలెక్షన్ ఏజెంటు ఇంటికొచ్చి 'ఈ యాభై వేలు ఇవ్వండి, కేసు తీసేస్తాం' అంటే నగదు ఇవ్వొద్దు. బయట ఎంత కట్టినా, రాజీ మెమో కోర్టులో నమోదయ్యే దాకా కేసు నడుస్తూనే ఉంటుంది. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్ళాలి, ఆ వివరం మెమోలో ఉండాలి, కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ మీ చేతికి రావాలి. ఇంకొకటి, చిట్టీ ఎత్తుకున్నప్పుడు ఇచ్చింది ఒక చెక్కు కాదు, నాలుగని మీరే రాశారు. మిగతా మూడు ఇంకా కంపెనీ బీరువాలో ఉన్నాయి. వాటి నెంబర్లు పాత చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్ చూసి రాసుకోండి. అవి తిరిగి ఇచ్చేసినట్టు నెంబర్లతో సహా రాజీ మెమోలో రాయించి, చెక్కులు చేతికి వచ్చాకే అమ్మగారిని సంతకం పెట్టనివ్వండి.